పాట మనది, పద్దు ఎవరిది?

కొత్త అమావాస్య వస్తే అనకాపల్లి నూకాలమ్మ జాతర. ఆ రోజుల్లో మా రాంబిల్లి నుంచి అటు వెళ్ళే ఏ ఆటో ఎక్కినా పాట వినిపిస్తూనే ఉంటుంది. మొన్న జాతరకు వెళుతున్నప్పుడు నా పక్కన మా వీధి డప్పు తాత కూర్చున్నాడు. ఎదురు సీటులో ఉన్న కుర్రవాడు అచ్యుతాపురం సెజ్‌లో రాత్రి షిఫ్టు ముగించుకొని వస్తున్నాడు. అతడు ఫోనులో ఒక పాట పెట్టాడు. ఒక చరణం పూర్తయ్యేసరికి తాత నా మోచేతిని తట్టి, "ఒరే బాబూ, ఈ పాట నాదేరా" అన్నాడు. ఆ కంఠంలో కోపం లేదు. తప్పిపోయిన బిడ్డ సంతలో కనబడినంత సంబరం ఉంది. కుర్రవాడు నమ్మలేదు. ఫోను తెరమీద పాట పేరు కింద 'జానపదం' అని ఉంది. పాడినవారి పేరు ఉండవలసిన చోట ఒక చానెల్ పేరు ఉంది. తాతకు చదువు రాదు. "నా పేరేటైనా రాసారా?" అని అడిగాడు. లేదన్నాను. కొంతసేపు ఊరుకున్నాడు. ఆటో ఊరు దాటాక రెండో ప్రశ్న వేశాడు: "ఈ పాట ఇన్నందుకు ఆళ్ళకి డబ్బులొత్తాయా?"

ఆ రెండు ప్రశ్నలకూ సమాధానం వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం. పేరు గురించి ఒకటి, డబ్బు గురించి మరొకటి అన్నట్టు అవి రెండు ప్రశ్నలుగా కనిపిస్తాయి. లెక్క విప్పుకుంటూ పోతే రెండూ ఒకటేనని తేలుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఈ దేశంలో కులంతో సంబంధం ఉంది.

ముందు ఆ పాట సంగతి చెప్పాలి. అది తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన పాట కాదు. తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే ఆడపిల్లలను చూసి తాత స్వయంగా కట్టిన పాట. కొన్నేళ్ళ క్రితం ఒక చానెల్ వాళ్ళు వచ్చి పాడించుకున్నారు. మూడు వేల రూపాయలు చేతిలో పెట్టారు, భోజనం పెట్టించారు, శాలువా కప్పారు. కాగితం మీద ఏమీ రాయించుకోలేదు, రాసి ఇవ్వనూ లేదు. ఆ చానెల్ పేరు ఇక్కడ అనవసరం. ఆ పద్ధతి అందరిదీ గనుక తప్పును ఒక్కరి నెత్తిన వేయడం న్యాయం కాదు.

పాటల స్ట్రీమింగ్‌లో డబ్బు ఎలా నడుస్తుందో చూద్దాం. వినేవాడు నెలకింతని చందా కడతాడు, లేదా ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వింటాడు. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. చందాలు, ప్రకటనల ఆదాయం కలిసి ఒక కుప్ప అవుతుంది. ఆ కుప్పలో సుమారు మూడింట రెండు వంతులు పాటల హక్కుదారులకు చెల్లిస్తామని, 2024లో ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్ల డాలర్లు దాటి చెల్లించామని ఆ సంస్థ చెబుతోంది. అందులో అబద్ధం ఉందని నేను అనను. కానీ ఆ వాక్యంలో 'హక్కుదారులు' అన్న మాట దగ్గర ఆగాలి. అది 'కళాకారులు' అన్న మాట కాదు.

మన ఊళ్ళ కళ్ళం గుర్తున్నవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. పంట నూర్చి కుప్ప పోసిన నాడు రైతు, కౌలుదారు, అప్పిచ్చిన షావుకారు తమ తమ వాటాలు కొలిపించుకుంటారు. చాకలి, మంగలి, వెట్టి, డప్పు కొట్టే మాలమాదిగలు కళ్ళం అంచున నిలబడతారు. వారికి మేర కొలుస్తారు. ఏడాది పొడవునా చేసిన చాకిరీకి ఆ మేర ప్రతిఫలమే అయినా, ఇచ్చే చెయ్యి దాన్ని దానంలా ఇస్తుంది. పుచ్చుకునే చెయ్యి దణ్ణం పెట్టి పుచ్చుకోవాలి. ఎంత పండిందో అడిగే హక్కు అంచున నిలబడినవాడికి లేదు.

స్ట్రీమింగ్ కుప్ప దగ్గరా వరస ఇదే. కుప్పను ఒక్కొక్క శ్రోత వారీగా పంచరు. ఆ నెలలో అన్ని పాటలూ కలిపి ఎన్నిసార్లు మోగాయో, అందులో ఒక పాట వంతు ఎంతో చూసి దాని ప్రకారం పంచుతారు. అచ్యుతాపురం కుర్రవాడు తన చందా డబ్బుతో నెలంతా మా తాత పాట ఒక్కటే విన్నాడనుకుందాం. ఆ చందా ఆ పాటకు చేరదు. ఉమ్మడి కుప్పలో కలిసి, కోట్లసార్లు మోగిన సినిమా పాటలవైపు ఎక్కువగా ప్రవహిస్తుంది. 2024 నుంచి స్పాటిఫై మరో నియమం పెట్టింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కలోకే రాదు. మోసపు పాటలను, పైసలకు కూడా కొరగాని చెల్లింపులను తగ్గించడానికి ఆ నియమం అన్నారు. ఆ కారణంలో కొంత నిజం ఉంది. కానీ ఒక మండలంలో, ఒక కులంలో, ఒక కొలుపులో మాత్రమే పాడుకునే పాట ఆ వెయ్యి గడప దాటడం కష్టం. చిన్న సమూహాల పాటలు ఇక్కడే రాలిపోతాయి.

ప్రతి శ్రోత చందాను ఆ శ్రోత విన్న పాటలకే పంచే పద్ధతి కూడా ఉంది. సౌండ్‌క్లౌడ్ 2021లో దాన్ని మొదలుపెట్టింది. అయితే అది సర్వరోగ నివారిణి కాదు. మన దేశంలో అత్యధికులు చందా కట్టకుండా వినేవారే. కుప్పే చిన్నదైనప్పుడు పంపకం మార్చినంత మాత్రాన అందరి గిన్నే నిండదు. వింక్ వంటి పెద్ద కంపెనీ సేవే 2024లో మూతపడింది. కాబట్టి వేదికలన్నీ లాభాల్లో దొర్లుతున్నాయని, కళాకారులకు ఇవ్వడమే లేదని చెప్పడం తేలిక గాని, పూర్తి నిజం కాదు. నా వాదం అది కాదు. కుప్ప పెద్దదైనా చిన్నదైనా కళ్ళంలోకి ఎవరిని రానిస్తున్నారు, అంచున ఎవరిని నిలబెడుతున్నారు అన్నదే నా వాదం.

ఒక ఊహా లెక్క వేద్దాం. పాట ఒకసారి మోగితే హక్కుదారులందరికీ కలిపి పది పైసలు వస్తాయనుకుందాం. లక్షసార్లు మోగితే పది వేలు. రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చు, డప్పుకు తోడు కీబోర్డు వాయించినవాడి కూలి తీసివేస్తే తాతకు ఇచ్చిన మూడు వేలు అన్యాయమేమీ కాదు. 'పది పాటల్లో తొమ్మిది మునిగిపోతాయి, మునిగినా తేలినా గాయకుడికి ముందే డబ్బిచ్చాం కదా' అని చానెల్ వాళ్ళు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ పదో పాట కోటిసార్లు మోగితే వచ్చేది పది లక్షలు. అప్పుడూ తాతది మూడు వేలే. నష్టం పంచుకోలేదు కాబట్టి లాభం అడగవద్దన్నది వ్యాపారి తర్కం. అయితే గొంతు, మాట, దరువు పెట్టుబడి కావా? ఏళ్ళ తరబడి శవాల ముందు, పెళ్ళిళ్ళ ముందు, అమ్మవారి ఘటాల ముందు వాయించి సాధించిన ఆ దరువుకు పెట్టుబడి పద్దులో చోటు ఎందుకు లేదు? ముందుగా కొంత సొమ్ము, ఆపైన వచ్చినదానిలో వాటా అనే పద్ధతి సినిమా రంగంలోని పెద్దలకు వర్తిస్తే డప్పు తాతకు ఎందుకు వర్తించదు?

దీనికి చట్టం ఏమంటుందో విద్యార్థులు ముఖ్యంగా తెలుసుకోవాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. చాలాకాలం దాని దృష్టిలో సినిమా పాటకు మొదటి యజమాని నిర్మాతే. 1977లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. గీత రచయిత, స్వరకర్త తమ హక్కును ఒక్కసారి అమ్ముకుంటే అంతటితో సరి. జావేద్ అఖ్తర్ వంటివారు పార్లమెంటులో పోరాడిన ఫలితంగా 2012లో వచ్చిన సవరణ దీన్ని మార్చింది. సినిమాలో చేరిన పాటైనా సరే, సినిమా హాలులో ప్రదర్శన మినహా మరెక్కడ వాడుకున్నా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం చెల్లదు. రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. బలవంతుడి ముందు బలహీనుడు సంతకం పెట్టినా ఆ సంతకం నుంచి అతడిని కాపాడే నియమం ఇది. కార్మిక చట్టాల్లో కనిపించే ఈ ఆత్మ కళా రంగంలోకి రావడం చిన్న విషయం కాదు.

పాడేవారికీ వాయించేవారికీ కూడా అదే సవరణ హక్కులిచ్చింది. చట్టంలో 'ప్రదర్శకుడు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం మన కులాల పిల్లలు ఒక్కసారైనా చదవాలి. గాయకుడు, వాద్యకారుడు, నటుడు, నర్తకుడితోపాటు గడ మీద ఆడేవాడు, గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఆ జాబితాలో ఉన్నారు. దొమ్మరులు, గారడీవాళ్ళు, పాములవాళ్ళు ఏ చట్టంలోనైనా గౌరవంగా కనిపించిన సందర్భాలు ఎన్ని? వలస పాలన వారిలో అనేక సమూహాలను నేరస్థ జాతులని రాసింది. ఈ చట్టం వారిని హక్కుదారులని రాసింది. ప్రదర్శన జరిగిన ఏడాది మర్నాటి నుంచి 50 ఏళ్ళపాటు ఆ హక్కు ఉంటుంది. తన పేరు చెప్పమని అడిగే నైతిక హక్కు కూడా ఉంది.

అయితే ఆ నిర్వచనం కిందనే ఒక మినహాయింపు ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదో, టైటిళ్ళలో ఎవరి పేరు ఎక్కడా లేదో, వారిని ప్రదర్శకులుగా లెక్కించరు. తమ ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. జాతర దృశ్యంలో గుంపుగా డప్పు కొట్టే యాభైమంది పేర్లు టైటిళ్ళలో ఎప్పుడైనా చూశామా? పేరు లేకపోవడం వల్ల పోయేది ముచ్చట మాత్రమే కాదు. పేరు లేకపోతే హక్కే లేదు. తాత వేసిన మొదటి ప్రశ్న రెండో ప్రశ్నకు తలుపు ఎలా అయిందో ఇక్కడ తెలుస్తుంది.

కులం ఇక్కడ తిట్టు రూపంలో రాదు. ఆటోలో ఎవరూ తాతను కులం పేరు పెట్టి అవమానించలేదు. శాలువా కప్పినవారు కూడా ప్రేమగానే కప్పారు. కులం కాగితం రూపంలో వస్తుంది. పాటను వేదిక మీదికి ఎక్కించేటప్పుడు రచయిత, స్వరకర్త, గాయకుడు అంటూ కొన్ని గడులు నింపాలి. త్యాగరాజ కీర్తనకు ఆ గడి నింపడంలో సందేహం రాదు. ఆయన చివరి చరణంలో తన పేరు ముద్రగా వేసుకున్నాడు. శిష్యులు ఆ పేరును మోశారు, రాత ఉన్న కులాలు దాన్ని అచ్చువేశాయి. శ్రమజీవి పాటకు మాత్రం 'జానపదం', 'సంప్రదాయం' అని రాస్తే గడి నిండిపోతుంది. వినడానికి అది గౌరవమైన మాట. లెక్కల పుస్తకంలో మాత్రం 'యజమాని లేని సొత్తు' అని దాని అర్థం. యజమాని లేని పాటకు కొద్దిగా వాద్యం మార్చి, రెండు మాటలు చేర్చి కొత్త రికార్డింగు చేసినవాడు దానికి కొత్త యజమాని అవుతాడు. బ్రతికున్న మనిషి కట్టిన పాటను కూడా జానపదం అనేస్తే ఆ మనిషిని బ్రతికుండగానే చరిత్రలో పూడ్చినట్టు.

ఇది కొత్తగా పుట్టిన అలవాటు కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్ళు రికార్డింగు మొదలుపెట్టినప్పుడు ముందుకు వచ్చినవారు గౌహర్ జాన్ వంటి వృత్తి గాయనులు. 'గౌరవనీయ' కుటుంబాల స్త్రీలు ఆ యంత్రం దగ్గరికి రాలేదు. దక్షిణాదిన కూడా దేవదాసీ, కళావంతుల స్త్రీల గొంతుల మీదనే ఆ పరిశ్రమ నిలబడింది. పాటకు మర్యాద వచ్చాక ఆ గొంతులను పక్కకు నెట్టారు. గొంతు ఒక కులానిది, గౌరవం మరొక కులానిది అయిన చరిత్ర మనది.

మన కాలపు తెలుగు ఉదాహరణలు చూద్దాం. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' పాట వచ్చింది. యూట్యూబ్‌లో అది కొద్ది వారాల్లోనే కోట్ల వీక్షణలు దాటింది. ఆ పాటను అంతకుముందు టీవీలో 'రేలా రే రేలా' కార్యక్రమంలో పాడిన జానపద గాయని కోమలి తన సంగతేమిటని అడిగారు. పాట ప్రజలదే గాని ఒక్కరిది కాదని ఒక వాదం. దాన్ని వెతికి తెచ్చి బ్రతికించినవారికి గుర్తింపు ఉండాలని ఇంకో వాదం. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామని చెప్పాక ఆ గొడవ సద్దుమణిగింది. రెండు వాదాలూ న్యాయమైనవే. కానీ ప్రజలదైన పాట మీద వచ్చే ఆదాయం మాత్రం ప్రజలది కాలేదన్న మూడో మాట ఆ చర్చలో తక్కువగా వినబడింది.

మా ఉత్తరాంధ్ర సంగతి ఇంతకన్నా వేరు కాదు. 2020లో 'పలాస 1978' సినిమా ద్వారా 'నక్కిలీసు గొలుసు' ఊరూరా మోగింది. దాన్ని అంతకుముందునుంచీ జముకు మీద పాడుతూ వచ్చిన కళాకారుడి ముఖం జనానికి పాట తర్వాత గాని కనబడలేదు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు తన పాటలతో ఈ ప్రాంతపు యాసకు దేశమంతటా గౌరవం తెచ్చాడు. ఆయన రాసిన 'ఏం పిల్లడో' పల్లవిని 2009లో వచ్చిన 'మగధీర'లో వాడుకున్నప్పుడు తనను అడగలేదని ఆయన బయటికి వచ్చి చెప్పవలసి వచ్చింది. వంగపండు వంటి పేరున్న మనిషే అడిగితే గాని పలకని పరిశ్రమ, పేరు లేని తాతను తనంతట తాను వెతుక్కుంటూ వస్తుందా?

తెలంగాణలో ఇద్దరు మొగిలయ్యల జీవితాలు ఈ చర్చకు మరో కొస. కిన్నెర మెట్ల మొగులయ్య డక్కలి సమూహపు కళాకారుడు. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివారులో భవన నిర్మాణం దగ్గర కూలిపని చేస్తున్న దృశ్యం బయటికి వచ్చింది. రెండో ఆయన పస్తం మొగిలయ్య, బుడగ జంగం కళాకారుడు. 2023లో 'బలగం' చివర్లో ఆయన, భార్య కొమురమ్మ పాడిన పాట విని తెలుగు ఊళ్ళు తెరలు కట్టుకొని ఏడ్చాయి. ఆయన మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మీద గడిపి, 2024 డిసెంబరులో మరణించాడు. ఆ ఇద్దరికీ ప్రభుత్వాలు, సినిమావాళ్ళు సహాయం చేశారు. చేసినవారికి నమస్కారం. కానీ సహాయం ప్రతిసారీ వార్త అవుతుంది, ఫోటో అవుతుంది. రాయల్టీ వార్త కాదు. అది నెలనెలా నిశ్శబ్దంగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేదు. కళ్ళం దగ్గర మేర పుచ్చుకోవడానికీ, వాటా కొలిపించుకోవడానికీ ఉన్న తేడా అదే. దయ ఎంత పెద్దదైనా హక్కుకు బదులు కాదు.

హక్కు అడిగినవారిని సమాజం ఎలా చూస్తుందో ఇళయరాజా విషయంలో చూశాం. 2017 మార్చిలో ఆయన తరఫున ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వెళ్ళినప్పుడు తెలుగు నేల మీద చాలామంది ఆయనను డబ్బు యావ ఉన్నవాడన్నారు. ఆయన అడిగిన ప్రతిదీ చట్టంలో నిలుస్తుందని నేను అనను. ఆ వివాదాలు కోర్టులు తేల్చవలసినవి. ఆయన తనను తాను దళిత ప్రతినిధిగా చెప్పుకోడు కూడా. అయినా సినిమా కంపెనీ తన హక్కు అడిగితే వ్యాపారం, దళిత కుటుంబంలో పుట్టిన స్వరకర్త అడిగితే అత్యాశ ఎలా అవుతుందని ఆలోచించాలి. కళాకారుడు లెక్క అడగకూడదన్న సంస్కారం మనకు ఎవరు నేర్పారు? పుచ్చుకునేవాడు తలవంచి ఉండాలన్న పాత మర్యాదే ఇక్కడ కళారాధన వేషంలో తిరుగుతోంది.

ఇప్పుడు నా మాటకు అడ్డు వచ్చే వాదాలు. యూట్యూబ్ వచ్చాక ఏ స్టూడియో గడపా తొక్కకుండా దళిత, బహుజన, గిరిజన యువత తమ పాటతో లక్షలమందిని చేరుతున్నది. 2025లో లంబాడ యువకుడు రాము రాథోడ్ 'రాను బొంబాయికి రాను' పాటతో అదే చేశాడు. దీన్ని నేను మనసారా ఆహ్వానిస్తాను. పాత పరిశ్రమలో ఆ తలుపు తెరుచుకునేది కాదు. కానీ తన చానెల్ తానే పెట్టుకోగల చదువు, కెమెరా, ఎడిటింగు, నెట్ ఉన్న యువకుడికి దొరికిన స్వేచ్ఛ, అతని తాతకు దొరకలేదు. పైగా హక్కులు గుర్తుపట్టే యంత్రం ముందు నమోదైన రికార్డింగు వైపే మొగ్గుతుంది. రేపు తాత తన పాటను తానే పాడి ఎక్కిస్తే అది ఫలానా కంపెనీ సొత్తని యంత్రం అడ్డుకునే అవకాశం ఉంది. తన ఇంట్లో తానే దొంగ అవుతాడు.

రెండో వాదం బహుజనుల లోపలిది. ఈ జానపద చానెళ్ళు నడిపేవారిలో చాలామంది మనవాళ్ళే. నిజమే. అగ్రకుల పెత్తనాన్ని అడిగిన నోటితోనే మనవాళ్ళను కూడా అడగాలి. మాలమాదిగల పాటను బీసీ కుర్రవాడు రికార్డు చేసినా, డక్కలి పాటను మాదిగ కుర్రవాడు చేసినా, ఆడవాళ్ళ నాట్ల పాటను ఎవరు చేసినా పేరు రాయకపోతే అది అదే అన్యాయం. నాట్లలో పాట ఎత్తుకునే ఆడమనిషి పేరు ఇంతవరకు ఏ రికార్డు మీదా చూడలేదు. కులవ్యవస్థ బలం మెట్లలో ఉందని అంబేడ్కర్ నేర్పారు. పై మెట్టును తిడుతూ కింది మెట్టును తొక్కడం ఆయన చెప్పిన దారి కాదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. కళాశాల రోజుల్లో మా వీధి పాటలను నోటుపుస్తకంలో రాసుకొని ఒక చిన్న పత్రికలో అచ్చువేయించాను. పాటల కింద 'సేకరణ' అని నా పేరు వేసుకున్నాను. వాటిలో రెండు తాతవే. ఆయన పేరు రాయాలని ఆనాడు నాకు తోచలేదు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి పెద్దలు చేసిన సేకరణ లేకపోతే ఎన్నో పాటలు ఈపాటికి అంతరించేవి. వారికి తెలుగుజాతి రుణపడి ఉంది. కానీ సేకరించినవాడి పేరు నిలిచి, పాడినవాడి పేరు పోయే అలవాటు ఆ దారిలోనే మాబోటివాళ్ళకు అబ్బింది. చదువుకున్న దళితుడినైన నేను కూడా కలం చేతికి రాగానే కళ్ళం మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. చానెల్ వాళ్ళను అడిగేముందు ఈ మాట చెప్పకపోతే నా వాదానికి నైతిక బలం ఉండదు.

మరి ఏం చేయాలి? జానపద గీతానికి యజమానిని సృష్టించమని నేను అనను. ఒక కులానికో ఒక కుటుంబానికో పాటను పట్టా రాసి ఇస్తే, రేపు పక్క ఊరివాడు పాడుకోవడానికి భయపడతాడు. పాట చచ్చిపోతుంది. పాట అందరిదిగానే ఉండాలి. పాడినవాడి శ్రమ మాత్రం అతడిదిగా ఉండాలి. ఈ రెండింటినీ కలపకుండా వేరుగా చూస్తే దారి కనబడుతుంది.

మొదటిది, పేరు. ప్రతి జానపద రికార్డింగు మీద పాడినవారు, వాయించినవారు, ఊరు, కళారూపం రాయాలి. కట్టిన మనిషి బ్రతికుంటే రచయితగా రాయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది, కాగితం. హక్కును బదిలీ చేయాలంటే సంతకం చేసిన రాతపూర్వక ఒప్పందం ఉండాలని చట్టం అంటుంది. గడువు రాయకపోతే 5 ఏళ్ళనే లెక్క. ఈ నియమాలు ప్రదర్శకుల హక్కుకూ వర్తిస్తాయి. కాగితం లేకపోవడం ఇన్నాళ్ళూ మనవాళ్ళకు శాపమైంది. ఇక్కడ మాత్రం అది మనవైపు మాట్లాడుతుంది. నోటిమాటతో ఇచ్చిన మూడు వేలతో పాట మీద శాశ్వత హక్కు ఎవరికీ రాదు. ఒక పేజీలో, తెలుగులో, చదివి వినిపించిన ఒప్పందం లేకుండా ఏ కళాకారుడూ పాడవద్దు.

మూడోది, సభ్యత్వం. రచయితలు, స్వరకర్తల కోసం 1969 నుంచి ఐపీఆర్ఎస్ ఉంది. గాయకులు, వాద్యకారుల కోసం కూడా సొసైటీ ఉంది. అవి ముంబైలో ఉంటే మా తాతకు అందవు. జిల్లా కేంద్రాల్లో నమోదు శిబిరాలు పెట్టించే పని రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ చేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు ఇచ్చే పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. అంటే డప్పు కళాకారుడెవరో గుర్తించే యంత్రాంగం, జాబితా, బ్యాంకు ఖాతా ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పింఛను ఇవ్వడానికి గుర్తుపట్టిన మనిషిని రాయల్టీ ఇప్పించడానికి గుర్తుపట్టలేమా? నాలుగోది, నిధి. సంప్రదాయ పాటను సినిమాలోనో వ్యాపార రికార్డులోనో వాడినప్పుడు రచయిత వాటాగా వెళ్ళవలసిన సొమ్ములో కొంత ఆ కళారూపపు సమూహాల నిధికి చేరాలి. ఆ నిధి నిర్వహణలో డక్కలి, బుడగ జంగం, డప్పు, జముకు కళాకారులే కూర్చోవాలి.

వేదికలు కొత్త రేట్లు ఒప్పుకునేదాకా, చట్టసభలు కదిలేదాకా ఆగనక్కర్లేని పని విద్యార్థుల చేతిలో ఉంది. మీ ఊరి పాట ఫోనులో మోగినప్పుడు దాని కింద ఎవరి పేరు ఉందో చూడండి. లేకపోతే అడగండి. మీ ఊరి కళాకారుడి ఒప్పందం చదివి చెప్పండి. సాంకేతిక చదువులు చదివిన మన పిల్లలు కంపెనీల కోసం రోజూ గడులు నింపుతున్నారు. మన తాతల కోసం ఒక్క గడి నింపితే చాలు.

జాతర నుంచి తిరిగి వచ్చాక చానెల్ వాళ్ళకు తాత తరఫున ఒక ఉత్తరం రాశాను. పేరు చేర్చమని, లెక్క చూపమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఉత్తరం చదివి వినిపించినప్పుడు తాత, "డబ్బులు మాటెలాగున్నా, పేరు ముందెట్టమను బాబూ" అన్నాడు. ఆ మాటను మర్యాదగా నేను ఒప్పుకోలేదు. పేరుతో సరిపెట్టుకోవడం మనకు తరతరాలుగా అలవాటైన మేర. ఉత్తరంలో రెండూ అడిగాను, పేరునూ పద్దునూ. రెండోసారి రాసే ఉత్తరంలోనూ రెండూ అడుగుతాను.